స్కాలర్‌షిప్ కిటికీ దగ్గర ఒక షేర్వానీ

మా చెల్లెలి కూతురికి ఈమధ్య నేను పనిచేసిన శాఖలోనే ఉద్యోగం వచ్చింది. చేరేముందు మా ఇంటికొచ్చి, "పెద్దమ్మా, స్కాలర్‌షిప్ సెక్షన్‌ల పనేముంటది?" అని అడిగింది. "పేదపిల్లలకు స్కాలర్‌షిప్ అందకుండా చూసుకోవడం" అన్నాను. పిల్ల పకపకా నవ్వింది. నేను నవ్వడానికి చెప్పలేదు. నేను చేరినప్పుడు ఆ సెక్షన్ నడిచిన తీరు అదే. ఎవరూ చెడ్డవాళ్ళు కారు, ఎవరూ లంచాలు తినేవాళ్ళు కారు, అయినా పని మాత్రం అట్లాగే జరిగేది. అది ఎట్లా జరిగేదో, ఎట్లా కొంచెం మారిందో ఆ పిల్ల కోసమూ, ఆ పిల్లలాంటి వాళ్ళ కోసమూ రాస్తున్నాను. నా ప్రమోషన్లు, బదిలీలు, పెన్షన్ కాగితాల గొడవ ఎవరికీ అక్కర్లేదు, అవి రాయను.

ముందే ఒక మాట. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. రాతలో కూడా అది కనిపిస్తే ఏమీ అనుకోకండి.

కిటికీ

హైదరాబాదులో పోలీసు చర్య జరిగి, నిజాం పాలన పోయి కొన్నేళ్ళయింది. నాంపల్లి స్టేషన్‌కు కూతవేటు దూరంలో, ఒక పాత నవాబుగారి దేవిడీలో, అంటే పెద్ద మేడలో మా ఆఫీసు ఉండేది. ఉర్దూ ఫైళ్ళన్నీ ఇంగ్లీషులోకి మారుతున్న రోజులు. మా నాయన గౌలిగూడలో ఒక వకీలు దగ్గర మున్షీ. ఇంట్లో తెలుగు, బళ్ళో ఉర్దూ, పట్టుబట్టి నేర్చుకున్న ఇంగ్లీషు, ఇవీ నా ఆస్తి. మూడు భాషలూ వచ్చిన మనిషి కావాలన్నారు. వచ్చింది ఆడమనిషి అని తెలిసి ముఖాలు చిట్లించారు. ఇంకెవరూ దొరక్క తీసుకున్నారు. తీసుకుని, ఎవరూ కూర్చోవడానికి ఇష్టపడని చోట, అంటే జనం వచ్చి నిలబడే కిటికీ దగ్గర కూర్చోబెట్టారు.

అప్పటి దరఖాస్తు ఫారం చూస్తే మీకు నవ్వాగదు. ఎప్పుడో జాగీర్దార్ల పిల్లలు పైచదువులకు పోయే రోజుల్లో రాసిన ఉర్దూ ఫారాన్ని ఎవరో మక్కీకి మక్కీ ఇంగ్లీషులో దించారు. ఇంట్లో నౌకర్లెందరు? సవారీ ఏముంది? వేసవిలో ఎక్కడ ఉంటారు? ఇవన్నీ హమాలీల పిల్లలు, చాకలివాళ్ళ పిల్లలు నింపాలి. ఒక రిక్షా ఆయన కొడుకు దరఖాస్తు కొట్టేసి ఉంటే, ఎందుకా అని ఫైలు తీసి చూశాను. "సవారీ" అన్నచోట "ఉంది" అని రాసి ఉంది. మర్నాడు ఆయన్నే అడిగాను.

"ఔనమ్మా, రిక్షా ఉన్నది" అన్నాడాయన. "గాని నేను గుంజుత. ఎక్కేటోళ్ళు ఏరే ఉంటరు."

ఆ రిక్షా కూడా కిరాయిదేనట. నాకంటే ముందు ఆ కిటికీలో కూర్చున్న గుమాస్తా, సొంత వాహనం ఉన్నవాడికి స్కాలర్‌షిప్ ఎందుకని కొట్టేశాడు. ఆయన తప్పేముంది, ఫారం అడిగింది, జవాబొచ్చింది.

ఫారానికి తోడు తహసీలు నుంచి రాబడి సర్టిఫికెట్, ఈ రాజ్యంవాడేనని ముల్కీ సర్టిఫికెట్, నడవడి సర్టిఫికెట్, పూచీ ఉండే ఇద్దరు జమానతుదార్లు, వీటన్నిటి మీదా ఒక గెజిటెడ్ ఆఫీసరు సంతకం. "గెజిటెడ్ సాబ్ ఏ బజార్ల ఉంటడమ్మా, పోయి కలుస్త" అని ఒకాయన పాపం నిజంగానే అడిగాడు.

మా సూపరింటెండెంటు మీర్ సాహెబ్. పాతకాలపు మర్యాదస్థుడు, పాన్ నమిలే పెదవులతో మెల్లిగా మాట్లాడేవాడు. నేను చేరిన వారంలోనే పక్కకు పిలిచి, "చూడు బేటీ" అన్నాడు. "కిటికీ ముందర నిలబడ్డోడు పొద్దుగాల కూలి ఇడిసిపెట్టి వచ్చిండు. కాగితాలల్ల ఏమేం తక్కువున్నయో అన్నీ ఒక్కసారే చెప్పు. ఇయ్యాల ఒకటి, రేపు ఒకటి చెప్పి తిప్పుకుంటే నీకు గునా, పాపం తగులుతది."

నా ఉద్యోగ జీవితంలో నేను నేర్చుకున్న మొదటి పని అదే, అన్నిటికంటే పనికొచ్చింది కూడా అదే. మిగతా గుమాస్తాలకు నచ్చలేదు. "ఒక్కసారే అన్నీ చెప్పేస్తే రేపు మనకు పనేముంటది సుశీలాబాయీ?" అని ఎగతాళి చేసేవాళ్ళు. ఒకరోజుకు ఒక లోపం చెప్పడం అక్కడి ఆనవాయితీ. జనం కాళ్ళరిగేలా తిరిగి, చివరికి రావడం మానేస్తే ఆ ఫైలు పూర్తయినట్టు లెక్క.

వెంకటాచలంగారి కళ్ళు

తర్వాత మా పై ఆఫీసరుగా వెంకటాచలంగారు వచ్చారు. మద్రాసు వైపు మనిషి. ఇంట్లోంచి తెచ్చుకున్న మజ్జిగ తప్ప ఆఫీసు చాయ్ కూడా ముట్టేవారు కాదు. ఆయన నిజాయితీ గురించి చెడ్డమాట ఎవరూ అనలేరు, నేనూ అనను.

వచ్చిన కొత్తలోనే ఒక సంగతి బయటపడింది. ఊళ్ళో మేడ, మామిడితోట ఉన్న ఆసామీ కొడుకు ఒకడు దొంగ సర్టిఫికెట్లతో స్కాలర్‌షిప్ తింటున్నాడు. తహసీలు ముద్ర, సంతకాలు అన్నీ అసలువే, రాసింది మాత్రం శుద్ధ అబద్ధం. వెంకటాచలంగారికి తల కొట్టేసినట్టయింది. "కాగితం కొనుక్కోవచ్చు. మనిషి ముఖం కొనుక్కోలేడు. ఇక మీదట నా కళ్ళతో నేనే చూస్తాను" అన్నారు.

అప్పటినుంచి హాజరీ మొదలైంది. మంగళవారం, శుక్రవారం దరఖాస్తు పెట్టుకున్న పిల్లల తండ్రులు ఆయన ముందు హాజరు కావాలి. నేను పేరు చదివి ఫైలు అందిస్తాను. ఆయన మనిషిని పైనుంచి కింది దాకా చూసి, రెండు మాటలడిగి, అక్కడికక్కడే ఆర్డరు రాస్తారు. నిజం చెప్పాలంటే నాకు మొదట్లో ఇది నచ్చింది. కాగితాల గొడవ తగ్గుతుందిలే అనుకున్నాను. తగ్గలేదు. కాగితాలు కాగితాలే, వాటి మీద ఇదొకటి ఎక్కింది.

పైగా చూపు కూడా మోసపోతుంది. ఒకనాడు చిరిగిన ధోవతి కట్టుకుని ఒక తండ్రి వచ్చి, గుమ్మం దగ్గరే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వెంకటాచలంగారి మనసు కరిగిపోయింది, వెంటనే మంజూరు చేశారు. నేను ఆ ధోవతినే చూస్తున్నాను. మా ఇంట్లో పాతబట్టలకు కుట్లు వేసేది నేనే. బట్ట నలిగి నలిగి చిరిగితే అంచు పీచులు పీచులుగా ఉంటుంది. ఇది కత్తెర పెట్టి కోసినట్టు నున్నగా ఉంది. మీర్ సాహెబ్‌తో చెబితే, "నోరు కట్టుకో బేటీ" అన్నాడు.

రాజయ్య

ఆ ఏడు వేసవిలో యాదమ్మ అనే పిల్ల నా కిటికీ దగ్గరకు వచ్చింది. నాంపల్లిలోనే సర్కారు ఆడపిల్లల బళ్ళో మెట్రిక్ పాసయింది. తండ్రి రాజయ్య స్టేషన్ గూడ్స్ షెడ్‌లో హమాలీ. కరువుకు నల్లగొండ వైపు నుంచి వలస వచ్చిన కుటుంబం. తల్లి బీడీలు చుడుతుంది, బడి అయిపోయాక ఈ పిల్లా తల్లి పక్కన కూర్చుని చుడుతుంది. హమాలీ కూతురు మెట్రిక్ పాసవడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. కోఠిలో ఆడపిల్లల కాలేజీలో సీటిచ్చారు. గడువులోపు ఫీజు కట్టాలి, లేదా స్కాలర్‌షిప్ ఆర్డరు చూపాలి, లేదంటే సీటు ఇంకొకరికి పోతుంది.

"గడువుల స్కాలర్‌షిప్ రాకుంటే?" అని అడిగాను.

"మా అమ్మ నాకోసం ఇంకో చాట కొని పెట్టింది" అంది యాదమ్మ. బీడీలు చుట్టేవాళ్ళు ఒళ్ళో చాట పెట్టుకుని చుడతారు. "గిది కాకపోతే గది అన్నది."

మాట తేలిగ్గానే అంది. కానీ చెబుతున్నప్పుడు బొటనవేలితో చూపుడువేలి కొన రుద్దుకుంటోంది. బీడీ ఆకు మడిచి మడిచి అక్కడ కాయ కాసి ఉంది. మీర్ సాహెబ్ నేర్పినట్టు లోటుపాట్లన్నీ ఒక్కసారే చెప్పాను. బళ్ళో హెడ్‌మిస్ట్రెస్ చాలా సాయం చేసింది. కాగితాలన్నీ చేరాయి. ఇక తండ్రి హాజరీ ఒక్కటే మిగిలింది.

ఫీజు గడువు శనివారం. రాజయ్య హాజరీ మంగళవారం. ఆ పొద్దున పేరు చదివి తలెత్తి చూసిన నేను నోరు వెళ్ళబెట్టాను. నల్లటి ఆల్పాకా షేర్వానీ, మెడ దాకా గుండీలు, తలకు జరీ అంచు రుమాలు, కాళ్ళకు బూట్లు, వేలికి వెండి ఉంగరం. బస్తాలు మోసి పెరిగిన భుజాలు ఆ షేర్వానీలో పట్టక బట్ట పిగిలిపోయేట్టుంది. బూట్లు కరుస్తున్నట్టున్నాయి, నిప్పుల మీద నడిచినట్టు నడుస్తున్నాడు. అయినా ముఖం మాత్రం పెళ్ళికొడుకు ముఖంలా వెలిగిపోతోంది. లోపలికొచ్చి నడుం వంచి సలాం చేశాడు. చేయగానే ఒక గుండీ టప్పున తెగి, దొర్లుకుంటూ వెంకటాచలంగారి బల్ల కిందికి పోయింది. తీయడానికి ఎవరూ కదల్లేదు.

"పిల్లను చదివించడానికి ఇబ్బందేమైనా ఉందా?" అని అడిగారు వెంకటాచలంగారు.

"ఏం ఇబ్బంది లేదు దొరా. మీ దయవల్ల అంత మంచిగనే ఉన్నది."

"ఇంట్లో తిండికీ బట్టకూ లోటు లేదు కదా?"

"అయ్యో, మీ అసువంటి పెద్దలుండంగ లోటేంది దొరా!"

"సార్, ఈయన గూడ్స్ షెడ్‌లో హమాలీ అండీ" అన్నాను. ఆయన చెయ్యెత్తి ఆపారు. "హమాలీల మేస్త్రీ అయి ఉంటాడు. నేను తండ్రిని అడిగాను, తండ్రే చెప్పాడు" అన్నారు. ఫైలు మీద ఇంగ్లీషులో "అర్హత లేదు" అని రాశారు. రాజయ్యకు ఇంగ్లీషు రాదు. పని అయిందనుకుని మళ్ళీ సలాం చేసి, సంతోషంగా వెళ్ళిపోయాడు. అసలు సంగతి ఆ సాయంత్రం నేనే వాళ్ళింటికి కబురు పంపాను.

మర్నాడు ఊడ్చేవాడికి ఆ గుండీ దొరికితే తెచ్చి బల్ల మీద పెట్టాడు. పరాయి వస్తువు కదా, ఆ మనిషి ఎప్పుడైనా వస్తే ఇవ్వాలని వెంకటాచలంగారు దాన్ని కలాల పళ్ళెంలో పెట్టుకున్నారు.

ఇబ్బందేమీ లేదు

బుధవారం యాదమ్మ వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, మండిపడుతోంది.

"అమ్మా, మా నాయిన ఏం తప్పు చేసిండు? పెద్దమనిషి మంచిగున్నవా అని అడుగుతే, మంచిగున్న అనక ఏమంటరు? ఆయన ముందట కూసొని ఏడ్వాల్నా?"

"తప్పేమీ లేదమ్మా" అన్నాను.

"మల్ల పంపియ్యాల్నా? గీసారి చినిగిన అంగీ ఏసుకొని రమ్మని చెప్పాల్నా? రాడు. నిన్న రాత్రే అన్నడు. నా బిడ్డ కాలేజీల సదువుతది, దాని తండ్రిని బిచ్చపోని లెక్క నిలబడమంటరా అన్నడు."

వీళ్ళ పద్ధతి మీకు తెలియాలి. నిజాం రోజుల్లో షేర్వానీ లేకుండా, తలమీద ఏదో ఒకటి పెట్టుకోకుండా కచ్చేరి మెట్లెక్కితే బంట్రోతే బయటికి తోసేవాడు. అందుకని ఒక్కో గల్లీలో ఒక్కో షేర్వానీ ఉండేది. ఎవరికి కచ్చేరి పని పడ్డా అదే తొడుక్కుని పోవాలి. రాజయ్య తొడుక్కున్నది పక్కింటి గోవిందయ్యదని యాదమ్మే చెప్పింది. ఆయన అబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో గుమాస్తా, సన్నగా రివటలా ఉంటాడు. బూట్లు ఒకరివి, రుమాలు ఒకరిది, ఉంగరం ఇంకొకరిది. "మన యాదమ్మ కాలేజీకి పోతది" అని గల్లీ అంతా కలిసి ఆయన్ను ముస్తాబు చేసి పంపింది. పెద్దవాళ్ళ ముందు కష్టం చెప్పుకోవడం వాళ్ళను తప్పుపట్టినట్టని అనుకునే జనం వీళ్ళు. వీళ్ళ నోట "ఇబ్బందేమీ లేదు" అంటే "దండం దొరా" అన్నంతే.

ఇదంతా పోయి వెంకటాచలంగారికి చెప్పాను.

"ఆ రోజులు పోయాయి కదమ్మా" అన్నారాయన.

"రోజులు పోయాయండీ. అలవాటు పోలేదు."

"అరువు తెచ్చుకున్నాడనడానికి రుజువేమిటి? మీరు చెప్పారని రాసుకోనా?"

నా దగ్గర రుజువేముంటుంది! ఒళ్ళు మండిపోయింది. చిరుగు ధోవతి సంగతి, కత్తెర సంగతి కూడా అనేశాను. ఆయన ముఖం ఎర్రబడింది. "ఇక మీరు వెళ్ళవచ్చు" అన్నారు.

బయటికొచ్చి మీర్ సాహెబ్ మీద విరుచుకుపడ్డాను. "మీకు ఈ పద్ధతి నాకంటే బాగా తెలుసు కదా సాహెబ్, మీరెందుకు చెప్పరు?" అన్నాను. ఆయన తన బుష్‌కోటు వంక చూసుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. నేను చేరినప్పుడు ఆయన రోజూ షేర్వానీలోనే వచ్చేవాడు. కొత్త ఆఫీసరు వచ్చాక ఒక్కరోజు కూడా తొడగలేదు.

"నేను చెప్తే, ముసలోనికి పాత రోజులు కావాల్నని అనుకుంటడు బేటీ" అన్నాడు. "నాకు ఇంకా ఇద్దరు ఆడపిల్లలున్నరు."

నిజాం కాలపు పాత ఉద్యోగులెందరివో ఉద్యోగాలు ఊగుతున్న రోజులవి. ఆయన్ను అట్లా నిలదీసినందుకు నాకే ముఖం చెల్లలేదు. కానీ ఒకటి మాత్రం అంటాను, తప్పుగా తీసుకోకండి. తెలిసినవాడు భయపడి, తెలియనివాడు ధైర్యంగా ఉన్న ఆఫీసు జనానికి ఎక్కువ చెరుపు చేస్తుంది. అట్లాంటి ఆఫీసులు తర్వాత కూడా చాలా చూశాను.

గుండీ

శుక్రవారం హాజరీకి బాలయ్య అనే తాపీమేస్త్రీ వచ్చాడు. ఆయన కొడుకు ఇంటర్‌లో చేరాడు. బాలయ్య పొట్టి మనిషి. షేర్వానీ చీలమండల దాకా దిగింది, దాని పొడుగు చేతులు ఆయన వేళ్ళను మింగేశాయి. నల్ల గుండీల వరసలో ఒక్కటి మాత్రం తెల్ల చొక్కా గుండీ.

వెంకటాచలంగారు ఎప్పటిలా పైనుంచి చూడటం మొదలుపెట్టి ఆ తెల్ల గుండీ దగ్గర ఆగిపోయారు. చాలాసేపు చూశారు. కలాల పళ్ళెంలోంచి నల్ల గుండీ తీసి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, బాలయ్య ఛాతీ దగ్గర పెట్టి చూశారు. అదే గుండీ.

"ఎవరిది ఈ షేర్వానీ?"

బాలయ్య రెండు చేతులూ జోడించాడు. "దొంగతనం చెయ్యలే దొరా! మా గల్లీ గోవిందయ్యది. ఆయన పెండ్లి షేర్వానీ. కచ్చేరికి పోవాలంటే మా గల్లీల అందరం గిదే ఏసుకుంటం."

"మొన్న ఎవరు వేసుకున్నారు?"

"రాజయ్య, దొరా. గుండీ తెంపుకొచ్చిండని గోవిందయ్య పెండ్లాం గల్లీలకొచ్చి తిట్లు లంకించుకున్నది. యాదమ్మ ఇంకోటి కుట్టి ఇచ్చింది."

వెంకటాచలంగారు వెనక్కిపోయి కుర్చీలో కూర్చున్నారు. ఎప్పుడూ అడిగే మాటే అడిగారు. "ఇంట్లో ఇబ్బందేమైనా ఉందా?"

"ఏం ఇబ్బంది లేదు దొరా, మీ దయ" అన్నాడు బాలయ్య.

ఆయన నా వైపు చూశారు. నేను నోరెత్తలేదు. నా జన్మలో అట్లా ఊరుకున్నది బహుశా అదొక్కసారే. ఆయన కలం తీసుకుని "మంజూరు" అని రాశారు.

తర్వాత యాదమ్మ ఫైలు తెప్పించారు. ఒకసారి కొట్టేసిన దరఖాస్తు మళ్ళీ తీయాలంటే తండ్రి మళ్ళీ హాజరు కావాలి, అది ఆయన పెట్టిన నిబంధనే. రాజయ్యను వెంటనే తీసుకురమ్మని బంట్రోతును గూడ్స్ షెడ్‌కు పంపారు. అరగంటకు బంట్రోతు ఒక్కడే తిరిగొచ్చాడు.

"రాజయ్య ఇయ్యాల రాడంట సాబ్. షేర్వానీ బాలయ్య మీదున్నదంట. రేపు ఏసుకొని వస్తడంట."

వెంకటాచలంగారు కళ్ళజోడు తీశారు. భుజాలు కదులుతున్నాయి. ఏమైందోనని హడలిపోయాను. తీరా చూస్తే మనిషి నవ్వుతున్నాడు! ఆయన నవ్వడం ఆఫీసులో అంతకుముందు ఎవరూ చూడలేదు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నారు.

"రేపు ఫీజు ఆఖరు రోజండీ" అన్నాను.

"రానక్కర్లేదు" అన్నారు. ఆ మాటే ఫైలు మీద రాసి, కింద మంజూరు చేసి, సంతకం పెట్టి, ఆర్డరు కాపీ నా చేతికే ఇచ్చారు. నల్ల గుండీని కాగితంలో పొట్లం కట్టి అదీ ఇచ్చారు.

ఫారం చిన్నదైన వైనం

ఆ తర్వాత హాజరీ ఎత్తేశారు. దానంతటది పోలేదు. పైవాళ్ళతో వెంకటాచలంగారు చాలా ఉత్తరాలు నడపాల్సి వచ్చింది. పనిలో పనిగా ఫారాన్ని కూడా పట్టుకున్నారు. ఒకరోజు నన్నూ మీర్ సాహెబ్‌నూ కూర్చోబెట్టుకుని, "ఒక్కో ప్రశ్నా చదవండి. దాని జవాబు వల్ల మన ఆర్డరు మారుతుందా? మారకపోతే కొట్టేయండి" అన్నారు. సవారీ పోయింది, నౌకర్లు పోయారు, వేసవి విడిది పోయింది. జమానతుదార్లను తీసేశాం. గెజిటెడ్ సంతకం బదులు పిల్లను ఏళ్ళ తరబడి చూసిన హెడ్‌మాస్టరు సంతకం చాలన్నాం. ఫారాలు అబిడ్స్ దుకాణాల్లో కొనుక్కునే పని లేకుండా బళ్ళకే పంపాం. ఏమేం కాగితాలు తేవాలో తెలుగులో, ఉర్దూలో, మరాఠీలో పెద్ద అక్షరాలతో రాసి కిటికీ పక్కన అంటించాం. తెలుగుది నేను రాశాను, ఉర్దూది మీర్ సాహెబ్ తన ముత్యాలలాంటి చేతిరాతతో రాశాడు.

మరి దొంగలు దూరలేదా అని అడుగుతారు. దూరారు. లేదని నేను చెప్పను. ఏ ఫారం పెట్టినా కొందరు దూరుతారు. ఇంతకుముందు ఒక దొంగను ఆపడానికి పదిమంది పేదవాళ్ళను గుమ్మంలో నిలబెట్టేవాళ్ళం. తర్వాత డబ్బు ఇచ్చేసి, అనుమానం వచ్చినచోటికి మేమే పోయి విచారించేవాళ్ళం. ఆ తిరుగుడేదో జీతం తీసుకునే మేము తిరగాలి గానీ, కూలి పోగొట్టుకునే వాళ్ళు తిరగడమేమిటి! కత్తెరతో ధోవతి కోసుకొచ్చిన ఆసామీ కూడా అట్లాగే దొరికిపోయాడు.

వెంకటాచలంగారి గురించి నాది ఒకటే మాట. చూసినదాన్నే నమ్మే మనిషి, మళ్ళీ చూసినప్పుడు తన తప్పు కూడా చూశారు. ఆ రెండోది చెయ్యగల ఆఫీసర్లు నాకు తక్కువమంది దొరికారు.

శనివారం

ఆర్డరును డిస్పాచ్‌లో వేస్తే కాలేజీకి చేరేసరికి పుణ్యకాలం దాటిపోతుంది. అందుకని శనివారం పొద్దున్నే నేనే పట్టుకుని బయలుదేరాను. ముందు రోజే కబురు పెట్టాను కనుక యాదమ్మ, రాజయ్య నాంపల్లి చౌరస్తాలో నాకోసం నిలబడి ఉన్నారు. యాదమ్మ చంకలో హెడ్‌మిస్ట్రెస్ ఇచ్చిన పాత పుస్తకాల కట్ట. రాజయ్య ఒంటి మీద మళ్ళీ అదే షేర్వానీ!

"ఇప్పుడెందుకయ్యా ఇది?" అని తల పట్టుకున్నాను.

"కాలేజీకి పోతున్నం గదమ్మా. ఉత్తగ పోతమా?" అన్నాడు.

గుండీ పొట్లం యాదమ్మ చేతిలో పెట్టాను. ఆ పిల్ల మొజంజాహీ మార్కెట్ దగ్గర ఆగి, దారంతో సహా తన పైట అంచుకు గుచ్చుకున్న సూది తీసి, అక్కడే తండ్రిని నిలబెట్టి తెల్ల గుండీ తీసేసి నల్లది కుట్టింది. పండ్ల బండ్లవాళ్ళు వింతగా చూస్తున్నారు. రాజయ్య మాత్రం ఊపిరి బిగబట్టి బొమ్మలా నిలబడ్డాడు, మళ్ళీ తెగితే గోవిందయ్య పెళ్ళాం ఊరుకోదు కదా.

కోఠిలో కాలేజీ గేటు దగ్గర కూర్చున్న దర్వాన్ మమ్మల్ని చూశాడు. నన్ను కాదు, ఆ షేర్వానీని. గభాల్న లేచి, నిండుగా సలాం చేసి, గేటు రెండు తలుపులూ బార్లా తెరిచాడు. రాజయ్య ఒక్క క్షణం తడబడ్డాడు. తర్వాత ఏ హాకిముకూ, ఏ పెద్ద అధికారికీ తీసిపోకుండా, చెయ్యి మెల్లిగా నుదుటి దాకా ఎత్తి సలాం అందుకుని లోపలికి నడిచాడు. నవ్వాపుకోలేక యాదమ్మ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆఫీసులో గుమాస్తా ఆర్డరు రెండుసార్లు చదివి, పెద్ద రిజిస్టర్లో యాదమ్మ పేరు రాసుకున్నాడు. తండ్రి పేరు, వృత్తి అడిగాడు. "రాజయ్య. హమాలీ" అంది యాదమ్మ. గుమాస్తా తలెత్తి షేర్వానీ వంక చూశాడు, యాదమ్మ వంక చూశాడు. నేను అతని వంక చూసిన చూపుకో ఏమో, మాట్లాడకుండా రాసుకున్నాడు. సోమవారం నుంచి క్లాసులకు రమ్మన్నాడు.

బయటికొచ్చాక రాజయ్య ఎండ వైపు చూసి, గూడ్స్ షెడ్‌కు పోవాలి, వ్యాగన్లు వచ్చి ఉంటాయన్నాడు. గేటు పక్క నీడలో నిలబడి షేర్వానీ గుండీలు ఒక్కొక్కటే విప్పాడు. లోపల, భుజాల మీద అతుకులు వేసిన పని చొక్కా ఉంది. షేర్వానీని దులిపి, పెళ్ళి చీరలా జాగ్రత్తగా మడతపెట్టాడు. ఇంటికి తీసుకుపోదామని యాదమ్మ చెయ్యి చాపింది.

రాజయ్య ఇవ్వలేదు. మడతను తన భుజం మీద పెట్టుకున్నాడు.

"ఉండనీ బిడ్డా" అన్నాడు. "నువ్వు పుస్తకాలు మొయ్యి. గిది నేను మోస్త."